తోక ఎటు వంగింది: నంద్యాల మీదుగా దొర్నిపాడుకు

నేను ఊళ్ళు చూడ్డానికి బయల్దేరలేదు. ఒక మనిషి చేత సంతకం పెట్టించడానికి బయల్దేరాను. ఆ సంతకం పడాల్సిన కాగితం నా సంచిలో, ప్లాస్టిక్ కవరులో, మడత పడకుండా ఉంది. అందులో నాలుగు వాక్యాలున్నాయి. నాలుగింటి సారం ఒక్కటే: "ఓడ మీద కేబుల్ కోణాలను నేను చూడకుండా, ఊహించి రాశాను." కింద రూబేను అనే పేరు టైపు చేసి ఉంది. పేరు పైన ఖాళీ.

శుక్రవారం ఉదయం 6.20కి గుంటూరులో మీటరుగేజి పాసింజరు ఎక్కేటప్పటికి ఆ రూబేను మీద నాకు ఒళ్ళు మండిపోతోంది. అతన్ని నేనెప్పుడూ చూడలేదు. అతని వల్ల నా నాలుగు నెలల పని బూడిదైందని మాత్రం తెలుసు.

ఇది ఎనభయ్యో దశకం మధ్యలో మాట. సముద్రం అడుగున ఉన్న రాతి పొరల బొమ్మ తీసి, చమురు బావి ఎక్కడ తవ్వాలో చెప్పే ఆఫీసులో నేను కొత్తగా చేరిన ఇంజనీరును. పని విధానం చెబితే తప్ప నా కోపం అర్థం కాదు కాబట్టి చెబుతాను. ఓడ ముందుకు పోతూ నీళ్ళలో ఒక తుపాకీ లాంటి యంత్రంతో గాలిని పేలుస్తుంది. ఆ చప్పుడు సముద్రం అడుగును దాటి రాతి పొరలకు తగిలి వెనక్కి వస్తుంది. ఓడ తన వెనక రెండు వేల నాలుగు వందల మీటర్ల కేబుల్‌ను ఈడ్చుకుపోతుంటుంది. అందులో ఉన్న మైకులు ఆ ప్రతిధ్వనిని పట్టుకుంటాయి. అలా పట్టుకున్నవాటిని మేం కంప్యూటర్లో పేరిస్తే పొరల బొమ్మ వస్తుంది. పొర ఎక్కడ గుట్టలా పైకి లేచిందో, ఆ గుట్ట నెత్తిన బావి వెయ్యాలి. మాది బావులు తవ్వే రిగ్గుల కాళ్ళు అడుగుకు అందని లోతు నీళ్ళు. అక్కడికి తవ్వే ఓడను పిలిపిస్తే ఒకే బావికి పిలిపిస్తారు. గుట్ట పక్కన గుచ్చితే ఉప్పునీళ్ళు వస్తాయి, ఓడ వెళ్ళిపోతుంది, కథ ముగుస్తుంది.

చిక్కంతా కేబుల్‌తోనే. అది ఓడ వెనక తిన్నగా రాదు. సముద్ర ప్రవాహం దాన్ని పక్కకు నెడుతుంది. పది డిగ్రీలు వంగిందనుకోండి, కేబుల్ తోక సుమారు నాలుగు వందల ఇరవై మీటర్లు పక్కకు పోయినట్టు. తోక దగ్గరి మైకు పట్టుకున్న ప్రతిధ్వని పుట్టిన చోటు అందులో సగం, రెండు వందల పది మీటర్లు జరిగి ఉంటుంది. కాబట్టి బొమ్మను అటువైపు జరిపి సరిచెయ్యాలి. ఎటు వంగిందో, ఎంత వంగిందో తెలియాలి. కేబుల్ చివర తేలే డబ్బాకు ఒక జెండా ఉంటుంది. కోణం కొలిచే పరికరం మొదటి వారంలోనే పాడైతే, ఓడ వెనక అంచున ఒక మనిషిని దిక్సూచి ఇచ్చి నిలబెట్టారు. ఆ మనిషే రూబేను. కేబుల్ చుట్టే కూలీగా చేరినవాడు.

అతని కోణాలతో బొమ్మను జరిపి చూశాం. ఓడ నడిచిన ఒక్కో దారిని లైను అంటాం. ఒకదాన్నొకటి దాటే రెండు లైన్లలో, దాటే చోట పొర ఒకే లోతున కనపడాలి. కనపడలేదు. ఆరు చోట్లా తేడా. అసలు జరపకుండా వదిలేస్తే తేడా తక్కువ. అతని కోణాలు పెడితే తేడా ఎక్కువ. దాన్నుంచి మా ఆఫీసు తేల్చింది ఏమిటంటే, ఆ మనిషి నిద్రపోయి పొద్దున్నే తోచిన అంకెలు రాశాడని. ఆ నివేదిక కింద నా సంతకం ఉంది. అతన్ని ఓడ మీది నుంచి పంపేశారు. పని కార్డు మీద "తప్పుడు నమోదులు" అని రాశారు. ఇప్పుడు సోమవారం పది గంటలకు బావి స్థలం ఖాయం చేసే సమావేశం. ఆ కోణాలను అధికారికంగా పారెయ్యాలంటే ఫైల్లో అతని ఒప్పుకోలు కాగితం ఉండాలని మా చీఫ్ పట్టు. తెలుగువాణ్ణని నన్ను పంపారు.

రైలు సంగతి. నరసరావుపేట 7.50, వినుకొండ 9.05, దొనకొండ 10.30. అక్కడ ఇడ్లీ చల్లగా, టీ గోరువెచ్చగా దొరికాయి. మార్కాపురం దగ్గర ఎదురు బండి కోసం ముప్ఫై ఐదు నిమిషాలు ఆపారు. ఎందుకాపారని గార్డును అడిగితే ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు. కంభం దాటాక ఎదురు బల్ల మీదికి ఒకాయన వచ్చి కూర్చున్నాడు. పేరు మస్తాన్ సాబు, నంద్యాలలో ధాన్యం కాటాలు బాగుచేస్తాడట. కాసేపు నా చిన్న పుస్తకాన్నే చూశాడు.

"ఏందప్పా, స్టేషన్ స్టేషన్‌కూ రాసుకుంటాండావ్? రైలుకు జాతకం కడతాండావా?"

"టైములు రాసుకోవడం అలవాటండీ."

"ఈ బండికి టైము ఉండాదని నీకు చెప్పినోడెవడు?"

పెట్టెలో నలుగురు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఏం పని చేస్తావని అడిగాడు. సముద్రంలో చమురు వెతుకుతామని చెప్పాను.

"సముద్రంలోనా? మా వీధిలో కిరసనాయిలుకు పొద్దున్నించి డబ్బాలు పెట్టుకోని నిలబడాల. నువ్వేమో చేపల కింద వెతుకుతాండావ్. దొరికితే ముందు మా వీధికి పంపు."

గిద్దలూరు దాటాక నల్లమల. సెప్టెంబరు వానలకు అడవి పచ్చగా, లోయల్లో నీటి చారలతో ఉంది. బోగద సొరంగం చీకట్లోకి బండి దూరగానే పెట్టెలో పిల్లలు కేకలు వేశారు. బాగుందనే చెప్పాలి. కానీ నేను చూడలేదు. రూబేనును ఏమని అడగాలో వరుస సంఖ్యలు వేసి రాసుకుంటున్నాను. ఎన్ని గంటలు నిద్రపోయావు? ఎన్ని రోజులు? అంకెలు ఎవరు చెబితే రాశావు? నంద్యాల 4.55. బస్టాండు పక్క లాడ్జిలో గది పన్నెండు రూపాయలు. కిటికీ మూసుకోదు, కుళాయి తెరుచుకోదు. ఈ రెంటినీ గుమాస్తాకు చెప్పాను. "రెండూ ఒగటే రకంగా ఉంటే బాగుండు గదా సారూ" అన్నాడు. తిట్టి పడుకున్నాను.

శనివారం ఉదయం 5.45కు బస్టాండు ఎదురుగా ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. నానిన బొరుగుల్లో ఉల్లిపాయ, పుట్నాల పొడి కలిపిన ఈ ఉగ్గాని కోసమైనా ఎవరైనా ఇటు రావచ్చు. 6.10కి ఆళ్ళగడ్డ బస్సు. సిరివెళ్ళ మీదుగా, రోడ్డుకు అటూ ఇటూ వరి, నల్లరేగడి చేలు. 7.30కి ఆళ్ళగడ్డ. అక్కడి నుంచి కోవెలకుంట్ల వైపు పోయే బస్సు దొర్నిపాడులో ఆగుతుంది. అది 8.15కి బయల్దేరాలి. 8.50కి డ్రైవరు టీ తాగి తీరిగ్గా వచ్చాడు.

కండక్టరుకు దొర్నిపాడు టిక్కెట్టు అడిగాను.

"ఎవురింటికి సారూ?"

"రూబేను అని."

"ఏ రూబేను? ఓడ రూబేనా?" బస్సంతా వినేలా అన్నాడు. "సముద్రం మీద గుర్రు పెట్టి పండుకోని, తెల్లారి దొంగ లెక్కలు రాసినోడా?"

వెనక సీట్లోంచి ఇంకొకడు అందుకున్నాడు. "ఓడ మునగలా, అదే మేలు."

మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒకామె ఇద్దరినీ కసురుకుంది. "మీరు చూసినారా పండుకున్నది? నోరు ఉండాది గదా అని ఊపుతాండారు."

ఆఫీసు కార్డులో రెండు మాటలు ఇంతదూరం ఎలా వచ్చాయని కండక్టరునే అడిగాను. ఎండాకాలంలో నేల మీద సర్వే చేసే జట్టు ఒకటి ఆళ్ళగడ్డలో గుడారాలు వేసిందట. రూబేను పనికోసం వెళ్ళి కార్డు చూపించాడట. అక్కడి గుమాస్తా బాబు ఆ రెండు మాటలకు తెలుగు చేసి, వరసలో నిలబడ్డ యాభై మంది ముందు గట్టిగా చదివాడట. నాకు అప్పుడు తృప్తిగానే అనిపించింది. దాన్ని దాచడం మర్యాద కాదు కాబట్టి రాస్తున్నాను.

దొర్నిపాడు 9.40. రూబేను భార్య సుశీలమ్మ మిషను బడిలో టీచరు. బడి ఒకే గది, ముందు వరండా. నేను చెప్పింది విని, పిల్లలకు లెక్కలిచ్చి బయటికి వచ్చింది. కాగితం అడిగింది. నిలబడే చదివింది. ఇంగ్లీషులో ఉంది కాబట్టి చదవలేదనుకున్నాను, చదివింది.

"ఇది నువ్వే రాసినావా?"

"ఆఫీసులో రాశారు."

"నువ్వు చదివినావా?"

"చదివాను."

"చదివి గూడా తెచ్చినావ్." కాగితం నా చేతిలో పెట్టింది. "కాలువ పక్క చేన్లో గుంటక తోలుతాండాడు. పో. ఆయప్ప మొగం చూసి అడుగు."

గుంటక అంటే నాగలి కాదు, వెడల్పాటి ఇనప బద్దతో నేలను గీరే సాధనం. శనగ విత్తేముందు రేగడిని అలా గీరి సిద్ధం చేస్తారు. నేను గట్టు మీదికి చేరేసరికి ఒక పొడుగాటి మనిషి ఎద్దుల వెనక నడుస్తూ వాటితో తగువు పడుతున్నాడు. "యాడికి వంగుతాండావ్ దాపటోడా! నీ అబ్బ సొమ్మా ఆ గట్టు? తిన్నగా రా!" నలభై అయిదేళ్ళుంటాయి. నన్ను చూసి ఎద్దుల్ని నిలిపాడు.

పరిచయం చేసుకుని కాగితాన్ని తెలుగు చేసి చదివి వినిపించాను. అతను మధ్యలో ఆపలేదు. అయిపోయాక తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

"నేను చూడకుండా రాసినానని ఎట్ల కనుక్కున్నారప్పా?"

దీనికోసమే కదా నేను అన్నీ మోసుకొచ్చింది. కాదంటే మొహాన కొట్టడానికి పట్టికలు, మ్యాపు నకలు, చిన్న కాలిక్యులేటరు అన్నీ సంచిలో ఉన్నాయి. గట్టు మీద పరిచాను. "పద్నాలుగో లైను, మూడు వందల ఇరవయ్యో పేలుడు. మీరు రాసింది డి ఏ పది. అంటే కేబుల్ తోక కుడివైపు పది డిగ్రీలు. కుడివైపు జరిపితే పొర కలవడం లేదు. ఇలాంటివి ఆరు."

"కుడివైపని ఎవురు చెప్పినారు?"

"డి ఏ అంటే దాహినా. హిందీలో కుడి. వి ఏ అంటే వామ. ఎడమ."

అతను ఒక్కసారిగా నవ్వాడు. ఎద్దులు చెవులు తిప్పేంత గట్టిగా నవ్వాడు. నా చెయ్యి పట్టుకుని చేన్లోకి దింపి, ఎద్దుల వెనక నిలబెట్టాడు.

"ఇదేందో చెప్పు."

"ఎద్దు."

"ఏ ఎద్దు?"

"తెల్లది."

"తెల్లదంట! ఇంజినీరువి గదా నువ్వు. ఎడం పక్క కట్టింది దాపటెద్దు. కుడి పక్క కట్టింది ఎలపటెద్దు. రాసేటప్పుడు వలపట అని రాస్తాం, నోటికి ఎలపట. దాపట, వలపట. దా, వ. ఓడ మీద నాకు ఇంగ్లీషు కుడి ఎడమలు నేర్పినోడు లేడు. దా అని, వ అని రాసినా. ఓడ పై గదిలో ఉండే సారు దాన్నే ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించుకున్నాడు."

దా అంటే ఎడమ. మేం కుడి అనుకున్నాం. వ అంటే కుడి. మేం ఎడమ అనుకున్నాం. ఒక్కటి కూడా తప్పిపోకుండా, మొత్తానికి మొత్తం తిరగబడింది. అయినా పట్టుదల చావక అడిగాను. "మీరు ఓడ వెనక అంచున, తోక వైపు తిరిగి నిలబడేవారు కదా. మీ ఎడమా, ఓడ ఎడమా?"

"దానికే గదప్పా నేను ఆ మాటలు రాసింది!" ఈసారి నవ్వలేదు. నన్ను ఎద్దుల ముందుకు తీసుకుపోయి వాటి మొహాలకు ఎదురుగా నిలబెట్టాడు. "ఇప్పుడు చెప్పు. దాపటెద్దు యాది?"

నా ఎడమ చేతివైపున్న ఎద్దును చూపించాను.

"తప్పు. నువ్వు తిరిగితే ఎద్దు మారదు. కాడి ఎటు పోతాందో అదే లెక్క. కుడి ఎడమ అని రాస్తే, నేను అటు తిరిగినానా ఇటు తిరిగినానా అని మీకు అనుమానం వస్తాది. దాపట అని రాస్తే రాదు. ఓడ కాడి, కేబులు గుంటక. అంతే."

నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత శుభ్రమైన నిర్వచనం లేదు. దాన్ని మేం వెక్కిరించాం. నాకు అప్పుడే ఇంకో సంగతి గుర్తొచ్చింది. పట్టిక తయారయ్యేనాడు మా చీఫ్ తల తిప్పి నన్నే అడిగాడు: "నువ్వు తెలుగువాడివి కదా, డి ఏ అంటే దాహినాయేనా?" మా నాన్న రైల్వే గుమాస్తా. నేను క్వార్టర్లలో పెరిగాను, ఎద్దు తోక పట్టుకుని ఎరగను. తెలియదంటే చిన్నతనమని "అంతే అయ్యుంటుంది సార్" అన్నాను. ఆ గట్టు మీద నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపించింది.

గుర్తు తిప్పి చూడాలన్న ఆలోచన ఈ లెక్కలు చేసిన మా నలుగురిలో ఒక్కరికీ రాలేదు. నాలుగు నెలలు. తప్పు వైపుకు జరిపితే తేడా రెండింతలవుతుందని మొదటి సంవత్సరం విద్యార్థికి తెలుసు. తేడా పెరిగిందంటే గుర్తును అనుమానించాలి. మేం మనిషిని అనుమానించాం. చదువుకున్నవాళ్ళం తప్పు చదివామనుకోవడం కంటే కూలివాడు అబద్ధం రాశాడనుకోవడం మాకు అంత తేలిక.

11.20కి ఎద్దుల్ని విప్పి ఇద్దరం బడికి వచ్చాం. శనివారం ఒంటిపూట బడి, పిల్లలు వెళ్ళిపోయారు. రూబేను ఓడ మీద రాసుకున్న అసలు పుస్తకాన్ని సుశీలమ్మ బడి ట్రంకుపెట్టెలోంచి తీసింది. ఉప్పు గాలికి అట్ట ఉబ్బిపోయింది. ఆమె అంకెలు చదువుతుంటే, నేను మ్యాపు మీద లైన్లను ఓడ దారికి అవతలి పక్కకు జరిపి, దాటే చోట్ల పొర సమయాలను మళ్ళీ రాశాను. ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టే సమయమే మాకు లోతు, సెకనులో వెయ్యో వంతుల్లో లెక్క. మొదటి దాటు దగ్గర పాత తేడా ఇరవై రెండు, ఇప్పుడు మూడు. రెండోది ముప్ఫై ఒకటి, ఇప్పుడు నాలుగు. మూడోది, నాలుగోది, ఐదోది, అన్నీ కలిశాయి. రూబేను వరండా స్తంభానికి ఆనుకుని కూర్చుని ఒక్కో అంకె చెప్పినప్పుడల్లా నేల మీద వేలితో గీత గీస్తున్నాడు.

ఆరోది కలవలేదు. పంతొమ్మిది దగ్గర ఆగిపోయింది.

"ఆరోది ఏ దినం?" అన్నాడు రూబేను.

తేదీ చెప్పాను. సుశీలమ్మ పేజీ తిప్పింది. "ఈడ అంకెలు లేవు. 'వాన. జెండా కనపడలా' అని ఉండాది. పదకొండు సార్లు అదే రాసినాడు."

నా పట్టికలో ఆ పదకొండు గళ్ళలో సున్నాలున్నాయి. సున్నా అంటే కేబుల్ తిన్నగా ఉందని అర్థం. ఖాళీ గడిని కంప్యూటరు తీసుకోదు. అందుకని సున్నాలు కొట్టిన చెయ్యి ఎవరిదో నాకు వెతకాల్సిన పని లేదు. కనపడనప్పుడు కనపడలేదని రాసిన మనిషి ఒక్కడే ఉన్నాడు ఈ మొత్తం వ్యవహారంలో. చూడకుండా రాసింది నేను. అదే వాళ్ళకు చెప్పాను, దాహినాయేనా అని చీఫ్ అడిగితే తల ఊపిన సంగతీ చెప్పాను. క్షమించమని కూడా అన్నాను.

సుశీలమ్మ పుస్తకం మూసింది.

"నువ్వు మంచోనివేలే అప్పా," అన్నాడు రూబేను. "మంచోళ్ళే తలకాయ ఊపేది. చెడ్డోడైతే ఆలోచన చేస్తాడు."

జొన్నరొట్టె, ఉల్లికారం పెట్టారు. తినను అనడానికి మొహం చెల్లలేదు, తినడానికీ మొహం చెల్లలేదు. మళ్ళీ ఓడ మీదికి పిలిపించేలా చూస్తానని అన్నాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "పనికి నేను వస్తానో రానో నా ఇష్టం. ఆ గుడారాల కాడ ఈ మాట చదివినాక నా కొడుకు బడికి బస్సులో పోడు, నడిచి పోతాండాడు ఆళ్ళగడ్డకు. కార్డులో ఆ రెండు మాటలు కొట్టేస్తే చాలు. కొట్టేసినామని రాసియ్యాల. ఊరికే కొడితే ఇంకు ఒలికిందనుకుంటారు." అసలు పుస్తకం ఇవ్వమని అడిగే ధైర్యం నాకు లేదు. సుశీలమ్మే కావలసిన పేజీలు తన చేత్తో నకలు రాసి, అడుగున భార్యాభర్తలిద్దరూ సంతకం చేసి ఇచ్చారు. నేను తెచ్చిన కాగితం మీద మాత్రం ఏమీ పడలేదు.

1.50 బస్సుకు ఆళ్ళగడ్డ, అక్కడి నుంచి నంద్యాల 4.05. నేరుగా పోస్టాఫీసుకు వెళ్ళి ట్రంకు కాల్ బుక్ చేశాను. ముప్ఫై అయిదు నిమిషాలకు చీఫ్ ఇంటి లైను కలిసింది.

"సంతకం అయిందా?"

"అవలేదు సార్. గుర్తు తిరగబడింది. డి ఏ అంటే ఎడమ. ఆయన రాసింది సరైనదే."

"ఎన్ని దాట్లు కలిశాయి?"

"ఆరింట ఐదు. ఆరోదానికి రీడింగు లేదు. అక్కడ సున్నాలు పెట్టింది నేను."

ఆయన గొంతులో హుషారు వచ్చింది. నిజం చెప్పాలి, మంచి సాంకేతిక నిపుణుడు. "అంటే గుట్ట జరుగుతుంది! ఎటు జరిగింది? ఎంత? అంకెలు చెప్పు, రాసుకుంటున్నాను."

"రూబేను కార్డు సంగతి సార్..."

"అది పరిపాలన విభాగం. వేరే ఫైలు. తరవాత నిదానంగా చూడొచ్చు. ముందు అంకెలు చెప్పు."

నిదానంగా. ఎండాకాలం నుంచి ఆ మనిషి బస్సులో తలెత్తుకోలేదు. ఆ ఫైలు నిదానంగా చూడొచ్చు. బావికి మాత్రం సోమవారం దాకా ఆగే ఓపిక లేదు. "రెండూ ఒకే తప్పు సార్. అంకెలు ఫోనులో చెప్పను. కాగితం మీద తెస్తాను" అన్నాను. ఆయన నా ఉద్యోగం గురించి ఏదో మొదలుపెట్టాడు. మూడు నిమిషాలు అయిపోయాయని ఆపరేటరు లైను తీసేశాడు. ఆ ఊళ్ళో నాకు అనుకూలంగా సమయం పాటించింది ఆ ఒక్క ఆపరేటరే.

ఆదివారం నంద్యాలలో 7.05 బండి 7.40కి కదిలింది. గాజులపల్లి దాటి అడవిలోకి వచ్చాక తెల్ల కాగితం తీశాను. కొత్త బావి స్థలం, పాతదానికి వాయవ్యంగా మూడు వందల అరవై మీటర్లు. రెండు వాక్యాలుగా రాసి చూశాను: మొదటిది స్థలం, రెండోది రూబేను. ఆఫీసులో కత్తెరలు ఎలా పనిచేస్తాయో నాకు తెలుసు. మొదటి వాక్యాన్ని సమావేశానికి, రెండో వాక్యాన్ని ఏ బీరువాకో పంపుతారు. చింపేశాను. మళ్ళీ మొదలుపెట్టాను.

పక్కన కూర్చున్న ఒక రిటైరు హెడ్మాస్టరు నా భుజం మీదుగా చదువుతూ వస్తున్నాడు. కంభం దగ్గర ఇక ఆగలేకపోయాడు. "ఏంది నాయనా, ఇంత పొడుగు వాక్యం? యాడన్నా ఆపి ఊపిరి తీసుకో."

"ఆగకూడదండీ. ఆగితే అక్కడ కోస్తారు."

ఆయన కళ్ళజోడు సవరించుకుని మొదటి నుంచి మళ్ళీ చదివాడు. ఒకచోట కామా పెట్టమన్నాడు. పెట్టాను.

ఈ దారిన వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదీ. లాడ్జి గురించి ఆశ పెట్టుకోకండి, ఉగ్గాని వదలకండి, 8.15 బస్సుకు 8.50కి వెళితే చాలు. అక్కడ మాట మొరటుగా ఉంటుంది, కానీ ఆ మాటకు రెండో అర్థం వెతికే పని ఉండదు. నేను పుట్టిన భాషలోనే నాకు తెలియని మాట ఒకటుందని అక్కడ తెలిసింది. తెలియదని ఒప్పుకోని నా నోటివల్ల ఒక మనిషి ఊళ్ళో దొంగ అయ్యాడు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు, తగ్గాలని కోరుకోవడమూ లేదు.

బండి 5.25కి గుంటూరు చేరేసరికి కాగితం పూర్తయింది. పద్నాలుగు పంక్తులు, ఒకే వాక్యం: డి ఏ అంటే దాపట అనగా ఎడమ కనుక, రూబేను రాసిన ప్రతి కోణమూ నిజం కనుక, కనపడలేదని ఆయన రాసిన చోట సున్నాలు వేసింది నేను కనుక, ఆయన కార్డు మీది రెండు మాటలు అబద్ధమని ఒప్పుకున్నప్పుడే నిలబడే ఆయన కోణాల ప్రకారం బావి వెయ్యాల్సిన చోటు ఇది, అని. అక్షాంశ రేఖాంశాలు చిట్టచివర పెట్టాను. బావి కావాలనుకున్నవాడు రూబేను పేరు దాటకుండా అక్కడికి చేరలేడు.